ఒళ్లు ఎందుకు బిగుసుకుంటుంది? సాగదీసే ముందు కారణం తేల్చుకునే పద్ధతి

నడుం వంగకపోయినా, భుజం లేవకపోయినా, పొద్దున్నే మడమ నేలకు ఆన్చలేకపోయినా మన నోట వచ్చేది ఒకటే మాట: పట్టేసింది. వైద్యం కూడా ఒకటే. నూనె రాసి గట్టిగా మర్దన చేయించుకోవడం, లేదంటే పళ్ల బిగువున సాగదీయడం. కొందరికి రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఇంకొందరికి అదే మర్దన తర్వాత వారం రోజులు చెయ్యి కదపడమే కష్టమవుతుంది. బయటికి ఒకేలా తెలిసే బిగుతు వెనక కనీసం నాలుగు వేరువేరు కారణాలు ఉండటమే ఇందుకు మూలం. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి చెరుపు చేస్తుంది. ఫిజియోథెరపీ చేసే చోట రోజూ కనిపించే ఇబ్బంది ఇదే: వ్యాయామం మంచిదే, చేసే మనిషీ శ్రద్ధగా చేస్తున్నారు, కానీ ఆ బిగుతుకు అది కాదు.

అందుకే ఈ మార్గదర్శిలో వ్యాయామాలు చివర్లో వస్తాయి. ముందు కారణం తేల్చుకుందాం.

మొదటి అడుగు: లోపల ఉన్నదేమిటో చూడండి

చికెన్ లెగ్ పీసు తోలు ఊడదీసేటప్పుడు ఒక్కసారి ఆగి గమనించండి. తోలుకీ కండకీ మధ్య తెల్లగా, తడిగా, పల్చటి పొర ఒకటి వేలికి తగులుతుంది. లాగితే సాగి, జారి, చివరికి తెగుతుంది. కండ చుట్టూ మరో పొర మెరుస్తూ అంటుకుని ఉంటుంది. కండను చీలిస్తే లోపలి పోగుల మధ్య కూడా అదే పొర సన్నగా పాకి ఉంటుంది. దాని పేరే ఫాసియా. మన ఒంట్లోనూ అలాగే తల నుంచి అరికాలి దాకా ఎక్కడా తెగకుండా ఉంటుంది. కండను ఎముకకు కట్టే టెండన్లు, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లు, కీలును చుట్టి ఉండే సంచి, చర్మం అడుగు పొర, అన్నీ ఈ కుటుంబానివే. బడి పుస్తకాల్లో సంయోజక కణజాలం అని చదువుకున్నది దీని గురించే.

ఇందులో ముఖ్యంగా మూడు ఉంటాయి. మొదటిది కొల్లాజెన్ పోగులు. ఒంట్లోని మొత్తం ప్రొటీన్‌లో సుమారు 30 శాతం ఇదే. మేక కాళ్ల పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టి కదులుతుంది చూడండి, అది కొల్లాజెన్ ఉడికి జెలటిన్‌గా మారడం వల్లే. రెండోది ఆ పోగులను నేసే కణాలు, వాటిని ఫైబ్రోబ్లాస్ట్‌లు అంటారు. మూడోది పోగుల మధ్య, పొరల మధ్య ఉండే జిగురు నీరు. అందులోని హయాలురోనన్ అనే పదార్థం వల్లే ఒక పొర మీద ఇంకో పొర జారుతుంది. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో బృందం ఈ జారుడు పొర మీద చాలా కాలంగా పనిచేస్తోంది. హయాలురోనన్‌ను తయారుచేసే ప్రత్యేక కణాలు ఫాసియాలో ఉన్నాయని 2018లో వాళ్లే వివరించారు.

ఇంకొక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఫాసియా నిండా నరాల కొసలు ఉంటాయి. అది ఒట్టి చుట్టుగుడ్డ కాదు, నొప్పినీ లాగుడునీ మెదడుకు చేరవేసే అవయవం కూడా. శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకునేవాళ్లు కండలు బాగా కనబడాలని ఈ పొరలను ఒలిచి పక్కన పెట్టడం ఎన్నో ఏళ్లుగా మామూలు. దీని కోసమే ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ సదస్సు మొదటిసారి జరిగింది 2007లో, బోస్టన్‌లో. ఈ విషయంలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇటీవలిదే.

రెండో అడుగు: నాలుగు కారణాలు

మొదటిది నరాల కాపలా. మెడకు దెబ్బ తగిలినా, నిద్ర చాలకపోయినా, ఒక భంగిమ అంటే ఒంటికి భయం పట్టుకున్నా మెదడు చుట్టుపక్కల కండలను బిగించి పెడుతుంది. ఇక్కడ పోగులు కురచబడలేదు, ఏదీ అతుక్కోలేదు. కదలిక ఇక్కడితో చాలని మెదడు గీసిన హద్దు అది. రోజువారీ బిగుతులో ఎక్కువ భాగం ఇదేనని నా నమ్మకం. కొన్ని వారాలు స్ట్రెచింగ్ చేసినవాళ్లకు కదలిక పెరిగిందంటే, చాలామందిలో కండ పొడుగవ్వలేదనీ, లాగుడును ఓర్చుకునే హద్దు మాత్రం పెరిగిందనీ పరిశోధనలు చెబుతున్నాయి.

రెండోది పొరలు జారకపోవడం. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే జిగురు నీరు చిక్కబడుతుంది, పొరలు ఒకదానికొకటి పట్టుకుంటాయి. సినిమా అయ్యాక సీట్లోంచి లేచేటప్పుడు నడుం మొండికేసి, నాలుగడుగులు వేయగానే సర్దుకుంటుందే, అది ఈ రకం. హెలీన్ లాంజెవిన్ బృందం 2011లో అల్ట్రాసౌండ్‌తో నడుం పొరల కదలికను కొలిచింది. దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఆ పొరల జారుడు మిగతావాళ్లకంటే సుమారు 20 శాతం తక్కువని తేలింది. నొప్పి వల్ల జారుడు తగ్గిందా, జారుడు తగ్గి నొప్పి వచ్చిందా అన్నది ఆ కొలతతో తేలే విషయం కాదు. రెండూ కలిసే ఉంటాయన్నంత వరకు తీసుకుందాం.

మూడోది పోగుల మధ్య అతుకులు పడటం. కొల్లాజెన్ పోగుల మధ్య రసాయన బంధాలు పెరిగితే పొర నిజంగానే గట్టిపడుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి కట్టు. చెయ్యి విరిగి ఆరు వారాలు పిండికట్టులో ఉంచితే, విప్పిన రోజు మోచెయ్యి చాచలేరు. కుందేళ్ల మోకాళ్లను వారాల తరబడి కదలకుండా కట్టి చేసిన పాత ప్రయోగాల్లో కీలు చుట్టూ ఉన్న కణజాలంలో నీరు తగ్గి, అతుకులు పెరిగినట్టు కనబడింది. రెండో దారి షుగర్. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్‌కు అంటుకుని పోగును పోగుకు బంధిస్తుంది. ఈ అతుకులను విడదీసే ఎంజైము మన ఒంట్లో లేనట్టే. పైగా కొల్లాజెన్ తొందరగా మారే సరుకు కాదు. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ నడిమి భాగం పదిహేడేళ్ల వయసు దాటాక దాదాపు కొత్తగా తయారవదని 2013లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. కుర్రతనంలో నేసిన పోగునే అరవై ఏళ్లదాకా వాడుకుంటున్నామన్నమాట. దాని మీద పేరుకునే చక్కెర కూడా అలాగే ఉండిపోతుంది. షుగర్ అంటే కళ్లు, కిడ్నీలు, పాదాలు అంటాం గానీ కీళ్ల బిగుతు గురించి ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

నాలుగోది మచ్చ కట్టే కణాలు. గాయం మానేటప్పుడు ఫైబ్రోబ్లాస్ట్‌లలో కొన్ని రూపం మార్చుకుని, కండలా ముడుచుకునే శక్తి తెచ్చుకుంటాయి. వీటిని 1971లో జూలియో గబ్బియానీ బృందం గుర్తించింది. మయోఫైబ్రోబ్లాస్ట్‌లు అని పేరు. గాయం అంచులను దగ్గరకు లాగడం వీటి పని. పని అయ్యాక వెళ్లిపోవాలి. వెళ్లకుండా తిష్ట వేస్తే అక్కడ పొర మందమై, ముడుచుకుని, గట్టి మచ్చలా తయారవుతుంది. భుజం పట్టేయడం, అరచేతిలో గట్టి తీగ పుట్టి వేళ్లు లోపలికి ముడుచుకుపోవడం, గుట్కా నమిలేవాళ్లకు నోరు తెరుచుకోకపోవడం అన్నీ ఈ వరసలోవే.

మూడో అడుగు: మీ బిగుతు ఏ రకమో పరీక్షించుకోండి

దీనికి పావుగంట పడుతుంది. ఇంట్లో ఇంకొకరి సాయం ఉంటే మేలు. ప్రతి పరీక్షా రెండు వైపులా చేసి పోల్చుకోండి. మంచి వైపే మీ కొలబద్ద.

ఒకటి, బిగించి వదిలే పరీక్ష. వెల్లకిలా పడుకుని, మోకాలు చాచి ఉంచి, సాయం చేసేవాళ్లను మీ కాలు మెల్లగా పైకెత్తమనండి. పట్టిన చోట ఆపాలి. అక్కడ మీరు మడమతో వాళ్ల చేతిని ఆరు సెకన్లు కిందికి నొక్కి, ఊపిరి వదులుతూ పూర్తిగా వదిలేయండి. ఇప్పుడు కాలు ఇంకాస్త పైకి వెళ్లిందా? వెళితే అది మొదటి రకం. ఆరు సెకన్లలో ఏ పోగూ పొడుగవ్వదు, నరం ఒప్పుకుంది కాబట్టే కాలు లేచింది.

రెండు, తల ఎత్తే పరీక్ష. కుర్చీలో వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆన్చి కూర్చోండి. ఒక మోకాలు మెల్లగా చాపండి. తొడ వెనక లాగుతుంది. కాలు అలాగే ఉంచి తల మాత్రం పైకెత్తండి. లాగుడు తగ్గిపోతే, తొడ కండను నిందించకండి. ఆ కండకీ తలకీ సంబంధం లేదు. లాగుతున్నది వెన్ను నుంచి కాలిలోకి దిగే నరం. దాన్ని పట్టుకుని నిమిషం పాటు సాగదీస్తే తిమ్మిరి పెరుగుతుంది తప్ప మేలు జరగదు.

మూడు, ఇతరుల చేతికి వదిలే పరీక్ష. భుజానికి ఇది తప్పనిసరి. మోచెయ్యిని పక్కటెముకలకు ఆన్చి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పండి. తర్వాత అదే కదలికను కూతురో కొడుకో చేయాలి: "అమ్మా, నువ్వు బలం పెట్టకు. చెయ్యి నాకు వదిలెయ్, నేనే తిప్పుతా." వాళ్లు తిప్పినా అదే చోట గట్టిగా ఆగిపోతే కీలు సంచి ముడుచుకుపోయిందని అర్థం. మీ అంతట మీరు తిప్పలేక, వాళ్లు తిప్పితే హాయిగా వెళితే అది బిగుతు కాదు, భుజం టెండన్ దెబ్బతిని ఉండొచ్చు. ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. జాకెట్ హుక్కు వెనక పెట్టుకోలేకపోవడం, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి వాటినే నమ్ముకుంటే పొరపాటు పడతారు.

నాలుగు, నమస్కారం పరీక్ష. ఛాతీ ముందు రెండు చేతులూ జోడించి, మోచేతులు పక్కలకు ఎత్తండి. వేళ్లు, అరచేతులు పూర్తిగా తాకాలి. చిటికెన వేలు దగ్గర, వేళ్ల కణుపుల దగ్గర సందు మిగిలి, ఎంత నొక్కినా మూసుకోకపోతే అది షుగర్ వల్ల వేళ్ల కణజాలం గట్టిపడిన గుర్తు అయ్యుండొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. రోజూ దేవుడి ముందు చేతులు జోడించే మనిషికి కూడా ఆ సందు కంటపడదు. నలభై దాటినవాళ్లందరూ ఈ పూట ఒకసారి చూసుకోండి. సందు కనబడితే గత మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బిఎ1సి రక్త పరీక్ష చేయించుకోండి.

ఐదు, గోడ పరీక్ష. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకండి. పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ, తాకగలిగే చివరి చోట బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవండి. చాలామందికి పది సెంటీమీటర్ల చుట్టూ వస్తుంది. ఒక కాలికి రెండు సెంటీమీటర్లకు మించి తగ్గితే పిక్క, చీలమండ బిగుసుకున్నాయి. గొంతుక్కూర్చుంటే మడమలు లేచిపోయే వాళ్లకు ఈ కొలత తక్కువే వస్తుంది. కమోడ్, డైనింగ్ టేబుల్ వచ్చాక మన చీలమండలు రోజులో ఒక్కసారి కూడా పూర్తిగా వంగడం లేదు.

ఆరో పరీక్ష దీనికి తిరగేసినది. బొటనవేలు ముంజేతికి తగులుతోందా, చిటికెన వేలు వెనక్కి తొంభై డిగ్రీలు దాటి వంగుతోందా, మోచేతులు, మోకాళ్లు వెనక్కి విల్లులా పోతున్నాయా, మోకాలు వంచకుండా అరచేతులు నేలకు ఆనుతున్నాయా? వీటికి వైద్యులు తొమ్మిది మార్కులు వేస్తారు. పెద్దవాళ్లలో ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒళ్లు మామూలుకన్నా వదులు అని లెక్క. విచిత్రంగా ఎప్పుడూ "మెడ పట్టేసింది, నడుం పట్టేసింది" అనేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారు. లిగమెంట్లు వదులుగా ఉంటే ఆ కీలును నిలబెట్టే భారం కండల మీద పడుతుంది, అవి రోజంతా బిగిసే ఉంటాయి. వీళ్లు యోగా క్లాసులో అందరికన్నా బాగా వంగుతారు, ఇంటికొచ్చాక అందరికన్నా ఎక్కువ బాధపడతారు. వీళ్లకు కావలసింది బలం. సాగదీయడం మానేయాలి.

నాలుగో అడుగు: ఇంట్లో ప్రయత్నించకూడనివి

పొద్దున లేచాక బిగుతు అరగంట దాటినా వదలకుండా, కదిలితే తగ్గి, పడుకుంటే పెరిగే యువకుల నడుం నొప్పి వెన్ను వాతం కావచ్చు. వేళ్ల కణుపులు వాచి, బిగుతు గంటకు పైగా ఉంటే కీళ్లవాతం అనుమానించాలి. చల్లదనానికి వేళ్లు తెల్లబడి, ముఖం, చేతుల చర్మం బిగుసుకుంటుంటే స్క్లెరోడెర్మా అనే జబ్బు చూడాలి. ఈ మూడింటికీ రుమటాలజిస్టు, అంటే ఇలాంటి వాతపు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మర్దనతో ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి, మూత్రం లేదా మలం మీద పట్టు తప్పడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతుండగా మడమ వెనక నొప్పి మొదలైతే కాలికి విశ్రాంతి ఇచ్చి మందు రాసిన డాక్టరుకు చెప్పండి. ఈ మందులు అరుదుగా టెండన్‌ను తెగే స్థితికి తెస్తాయి.

మన నేల మీద ఇంకో కారణం ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లలో సున్నం చేరి వెన్ను కొయ్యబారుతుంది. నల్గొండ బాధ లోకమంతా చూసింది గానీ, మన దేశంలో ఈ జబ్బును మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల నుంచి. గడ్డం ఛాతీకి ఆన్చలేకపోవడం, నడుం వంచి కాలి వేళ్లు తాకలేకపోవడం, చేతులు తల వెనక పెట్టుకోలేకపోవడం మూడూ ఉన్నవాళ్లు, అలాంటి ఊళ్లలో పెరిగినవాళ్లయితే, ఈ మాట డాక్టరు చెవిన వేయండి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే అక్కడి డాక్టరుకు ఈ ఆలోచన తట్టకపోవచ్చు.

నోటి సంగతి. మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. పట్టకపోతే, గుట్కా, వక్కపొడి, జర్దా అలవాటు ఉంటే, నోటి లోపలి పొర మచ్చకడుతోంది. దీన్ని 1952లో మొదట వర్ణించింది తూర్పు ఆఫ్రికాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో. మూలం వక్క. పొగాకు లేని వక్కపొడి మంచిదేనన్న భరోసా తప్పు. వక్కలోని రసాయనాలు కొల్లాజెన్ నేసే కణాలను రెచ్చగొడతాయి, అందులోని రాగి పోగుల మధ్య అతుకులు పెంచుతుంది. 2004 నుంచి వక్కను కచ్చితంగా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో ఉంచారు. మానేస్తే ముదరడం ఆగుతుంది, పడిన మచ్చ మాత్రం చాలావరకు ఉండిపోతుంది. కారం తగిలితే నోరు భగ్గుమనడం తొలి సూచన. ఆ దశలోనే దంతవైద్యులకు చూపించుకోండి.

ఐదో అడుగు: కారణానికి తగ్గ పని

నరాల కాపలా అయితే: బలవంతం పనికిరాదు. ఒంటికి భయం లేని హద్దు లోపలే రోజుకు నాలుగైదు సార్లు కదపండి. బిగించి వదిలే పద్ధతిలో మూడుసార్లు చేసి ఆపేయండి. ఊపిరి బిగబడితే హద్దు దాటినట్టే. మర్దన, ఫోమ్ రోలర్ (ఒంటి కింద పెట్టి దొర్లించే గట్టి స్పాంజి దుంగ) ఇక్కడ పనికొస్తాయి, అయితే అవి అతుకులు తెంచుతాయన్న ప్రచారం నమ్మకండి. తొడ పక్కన ఉండే గట్టి పొరనూ, అరికాలి పొరనూ ఒక్క శాతం మార్చాలన్నా మనిషి చెయ్యి వేయగలిగినదానికన్నా ఎంతో ఎక్కువ బలం కావాలని 2008లో లెక్కగట్టారు. రోలర్ వల్ల వచ్చే హాయి నరాల నుంచి వస్తుంది, కాసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో కదలిక సాధన చేస్తేనే లాభం. కమిలిపోయేలా నొక్కించుకోవడం వల్ల కాపలా ఇంకా పెరుగుతుంది.

పొరలు జారకపోతే: వేడి, తరచు కదలిక. వేడికి హయాలురోనన్ పల్చబడుతుంది, అందుకే వేణ్నీళ్ల స్నానం తర్వాత ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. అరగంటకోసారి లేచి ఒక నిమిషం నడుం అటూ ఇటూ తిప్పండి, చేతులు పైకెత్తండి, గొంతుక్కూర్చుని లేవండి. వరసగా ఎనిమిది గంటలు కూర్చుని సాయంత్రం గంట జిమ్ చేసినా ఈ చిన్న కదలికలకు సాటిరాదు. భోజనం ఒక పూటైనా నేల మీద బాసింపట్టు వేసుకుని చేయండి. మోకాలి అరుగుదల ముదిరినవాళ్లు దీన్ని వదిలేయండి.

మడమ: దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనిలో నాలుగు కారణాలూ కలుస్తాయి. మంచం దిగి వేసే మొదటి అడుగు సూదిలా గుచ్చుతుంది, పది అడుగులకు తగ్గుతుంది, సాయంత్రం మళ్లీ వస్తుంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్లదాకా ఉన్న మందపాటి పొర బాధ ఇది. వేళ్లు పైకి లేచినప్పుడు ఆ పొర బిగిసి పాదం వంపును ఎత్తిపెడుతుంది, దీన్ని 1954లో హిక్స్ వివరించాడు. వ్యాయామాలన్నీ ఈ ఒక్క కదలిక మీదే నడుస్తాయి. ఎక్స్‌రే తీసి "మడమలో ఎముక పెరిగింది" అంటే కంగారు పడకండి. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేలో కూడా ఆ ముల్లు చాలామందికి కనబడుతుంది.

పొద్దున కాలు నేల మీద పెట్టక ముందే, మంచం మీద కూర్చుని, నొప్పి ఉన్న కాలును రెండో మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలి వేళ్లను ముంగాలి వైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడమండి, వీణ తీగలా బిగిసిన పట్టీ తగలాలి. తగలకపోతే ఇంకాస్త లాగండి. పది సెకన్లు ఉంచి వదలండి, ఇలా పది సార్లు. రోజుకు మూడు విడతలు. ఆ తర్వాత మెత్తటి చెప్పులు వేసుకునే దిగండి. నొప్పి తగ్గేదాకా గ్రానైట్, టైల్స్ మీద ఉత్త కాళ్లతో తిరగకండి.

రెండు వారాలకు ఇది అలవాటయ్యాక బలం మొదలుపెట్టాలి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. వేళ్లు పైకి వంగి ఉండాలి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు పైన ఆగి, మూడు సెకన్లలో దించండి. పన్నెండు సార్లు చేయగలిగేంత బరువుతో మూడు విడతలు. మరీ కష్టమైతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి, తేలికైపోతే పుస్తకాలు నింపిన సంచి వీపున తగిలించుకోండి. రోజు విడిచి రోజు చేయాలి. ఈ పద్ధతిని 2015లో డెన్మార్క్‌లో పరీక్షించారు. మూడు నెలలకు ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్లకన్నా వీళ్లు బాగున్నారు. మధ్య రోజు విశ్రాంతి సోమరితనం కాదు. గట్టి వ్యాయామం తర్వాత మొదటి రోజు కొల్లాజెన్ విరగడం ఎక్కువ, ఆ తర్వాతే నేత ముందుకొస్తుంది. రోజూ చేస్తే నేతకు వ్యవధి ఉండదు.

భుజం: సాధారణంగా 2 నుంచి 5 శాతం మందికి వచ్చే ఈ భుజం పట్టేసే జబ్బు షుగర్ ఉన్నవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి వస్తుంది. నలభై, అరవై మధ్య వయసు, ఆడవాళ్లకు కొంచెం ఎక్కువ. థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. మొదటి కొన్ని నెలలు నొప్పి విపరీతం, ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేరు. తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా వదులుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు.

నొప్పి దశలో చెయ్యి విరగదీసినట్టు పైకి లేపించడం మన దగ్గర చాలాచోట్ల ఇంకా జరుగుతోంది. దయచేసి ఒప్పుకోకండి. నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లు గమనించి 2004లో ఫలితాలు ఇచ్చారు: నొప్పి హద్దులోనే కదుపుతూ ఊరుకున్నవాళ్లలో 89 శాతం, గట్టిగా సాగదీయించుకున్నవాళ్లలో 63 శాతం మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు. కాబట్టి ఈ దశలో ముందుకు వంగి, మంచి చేతిని బల్ల మీద ఆన్చి, నొప్పి చేతిని వేలాడేసి లోలకంలా ఊపండి. వెల్లకిలా పడుకుని రెండు చేతులా కర్ర పట్టుకుని, మంచి చేతితో నెడుతూ నొప్పి చేతిని బయటికి తిప్పండి. రాత్రికి నొప్పి పెరిగితే రేపు సగమే చేయండి. కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ తొలి దశలోనే బాగా పనిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ తర్వాత కొన్ని రోజులు రోజూ చూసుకోవాలి, రీడింగ్ పెరుగుతుంది. నొప్పి తగ్గి బిగుతే మిగిలిన రెండో దశలో గోడ మీద వేళ్లు పాకించడం, వీపు వెనక తువ్వాలు పట్టి లాగడం, కర్రతో తిప్పడం గట్టిగా చేయొచ్చు. ఒక్కో హద్దు దగ్గర అర నిమిషం ఆగండి.

చక్కెర అతుకులు: పడినవి వ్యాయామంతో పూర్తిగా పోవు. కొత్తవి పడకుండా ఆపడమే మన చేతిలో ఉన్నది. నమస్కారం పరీక్షలో సందు వచ్చినవాళ్లు షుగర్ అదుపుతో పాటు రోజూ గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు చాపడం, ముడవడం చేయాలి. ఏడాదికోసారి కళ్లు, కిడ్నీలు తప్పక చూపించుకోండి, వేళ్లు బిగుసుకున్న వాళ్లలో అక్కడ కూడా నష్టం ఉండే అవకాశం ఎక్కువ.

తిండి విషయంలో రెండు మాటలు. కొల్లాజెన్ నేతకు విటమిన్ సి కావాలి. అది లేకపోతే స్కర్వీ వచ్చి పాత గాయాలు కూడా విచ్చుకుంటాయి. రోజూ ఒక జామకాయ, లేదంటే ఒక ఉసిరికాయ చాలు. ఎక్కువ తింటే ఒళ్లు ఇంకా మెత్తబడుతుందని మాత్రం అనుకోకండి.

ఆరో అడుగు: కొలిచి రాసుకోండి

హాయిగా ఉందా లేదా అన్నది రోజుకోలా ఉంటుంది, కొలత అలా మారదు. భుజమైతే గోడ మీద వేళ్లు పాకిన ఎత్తు దగ్గర పెన్సిల్ గీత, చీలమండయితే గోడకు బొటనవేలికి మధ్య సెంటీమీటర్లు, మడమయితే మొదటి అడుగు నొప్పికి పదికి ఎన్ని మార్కులు, నోరైతే పళ్ల మధ్య పట్టే వేళ్లు. వారానికోసారి, అదే రోజు, అదే వేళకు. రోజూ కొలిస్తే ఊరికే దిగులు.

నరాల కాపలా, పొరల జారుడు రకాలు రెండు మూడు వారాల్లో మారాలి. మడమకు మూడు నెలలు ఇవ్వండి. భుజానికి నెలకు ఒక వేలెడు పెరిగినా మంచి దారిలో ఉన్నట్టే. భుజం కాక మిగతావాటిలో ఆరు వారాలు సక్రమంగా చేసినా కొలత ఏమాత్రం కదలకపోతే, లేదా కొలత వెనక్కి పోతుంటే, రాసుకున్న కాగితం తీసుకుని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికో ఫిజియోథెరపిస్టు దగ్గరికో వెళ్లండి. ఏ పరీక్షలో ఏం వచ్చింది, ఏ వ్యాయామం ఎన్నాళ్లు చేశారు, దేనికి పెరిగింది అన్నది ముందే చెప్పగలిగితే, వాళ్లు నేరుగా అసలు కారణం దగ్గర మొదలుపెడతారు.